మూడో రొద

వెస్లీ చెవికి జహీరాబాద్ చుట్టుపక్కల పెద్ద పేరుంది. నీళ్ల మోటారు మొరాయించిందని న్యాల్‌కల్ నుంచో రాయికోడ్ నుంచో ఏ రైతు ఆటోలో వేసుకొని వచ్చినా, వెస్లీ దాన్ని వెంటనే విప్పడు. కరెంటు తగిలించి, స్క్రూడ్రైవర్ మొనను మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని కళ్లు మూసుకుంటాడు. బేరింగు అరిగిందో, లోపల తీగచుట్ట మాడిందో విని చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. మొగుడంపల్లి మహాదేవప్ప అయితే, దవాఖానలో డాక్టర్లు కూడా గుండెను ఇంత శ్రద్ధగా వినరని చాయ్ హోటల్లో కూర్చొని కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు.

ఇంత పేరున్నా వెస్లీకి తృప్తి లేదు. అది అతను కోరుకున్న పేరు కాదు మరి. తన దృష్టిలో తాను ముందు గిటారిస్టు. మోటార్లు కడుపు కోసం పెట్టుకున్న పని. తండ్రి రాయికోడ్ పక్క ఊళ్లో, చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగా ఉండేవాడు. పదహారేళ్లప్పుడు తండ్రితో కలిసి బీదర్‌లో సభలకు వెళ్లి, అక్కడ గిటారు వాయిస్తున్న ఒకాయన వేళ్లను మూడు రోజులు రెప్ప వేయకుండా చూశాడు. నాలుగో రోజు ఇంటికొచ్చి, కట్టెపుల్ల మీద ఆరు దారాలు కట్టుకొని ఆ వేళ్లను గుర్తు తెచ్చుకున్నాడు. అసలు గిటారు చేతికి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

అప్పటినుంచి ఇరవై ఆరేళ్లు, బీదర్ దారిలో ఉన్న ఒక చిన్న చర్చిలో గిటారంటే వెస్లీ, వెస్లీ అంటే గిటారు. వాయించేది నాలుగైదు వరసలే. కానీ పాట ఎక్కడ తడబడినా పట్టుకొని ఒడ్డుకు చేర్చేవాడు. కృప క్వయర్‌లో చేరిన కొత్తలో ఒకసారి శ్రుతి తప్పితే, ఎవరికీ తెలియకుండా గిటారును ఆమె శ్రుతిలోకే మార్చేశాడు. ఆ సంగతి ఆమె ఒక్కతికే తెలుసు. ఏడాది తిరగకుండా పెళ్లయింది. పెళ్లయ్యాక మాత్రం గిటారు గురించి ఆమె ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఆదివారం అన్నం పెడుతూ 'ఇయ్యాల బాగున్నది' అంటే అదే గొప్ప. వెస్లీకి ఆ ఒక్క మాట వారమంతా సరిపోయేది.

నిరుడు వానాకాలంలో ప్రవీణ వచ్చింది. న్యాల్‌కల్ పక్కనే ఆమె ఊరు. దవాఖానలో నర్సుగా ఉద్యోగం వచ్చి జహీరాబాద్‌లో గది తీసుకుంది. ముప్పై ఏళ్లుంటాయి, ఇంకా పెళ్లి కాలేదు, మాట మెత్తన. నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో గిటారు నేర్చుకుందట. మొదటి ఆదివారం ఊరికే వచ్చి వెనక కూర్చుంది. రెండో ఆదివారం చర్చి పాస్టరు అయ్యగారు పిలిచి అడిగితే, ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు, బడిపిల్లల సంచంత యాంప్, చెక్కపలక మీద వరసగా బిగించిన నాలుగు పెడల్ డబ్బాలు తెచ్చుకుంది.

ఆ డబ్బాలను వెస్లీ పట్నంలో దూరం నుంచి చూశాడు గానీ, అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆకుపచ్చది నొక్కితే స్వరం గరుకుగా మారి గొంతెత్తుతుంది. నీలంది నొక్కితే ఒక్క గిటారు రెండు గిటార్లవుతుంది. తెల్లది నొక్కితే వాయించిందే మళ్లీ మళ్లీ వెనక్కి వినిపిస్తుంది. నల్లది నొక్కితే ఆ రేకుల కప్పు చర్చి కాస్తా పెద్ద రాతి కట్టడం అయిపోతుంది. చెప్పులు బయట వదిలి వచ్చేచోటు కాబట్టి ప్రవీణ వాటిని కాలి బొటనవేలితో నొక్కేది. ఒకపక్క వాయిస్తూ, ఒకపక్క వేలితో డబ్బాలు మారుస్తూ, మైక్‌లో పాడేది కూడా.

ఆ రోజు మధ్యాహ్నం కృప అన్నం పెడుతూ 'బాగున్నది' అనలేదు. గరిటె పట్టుకొని అలాగే నిలబడి, ఆ పిల్ల చెయ్యి చూశావా, ఎక్కడా ఆగదు, నీళ్లలో చేప పోతున్నట్టు పోతుంది అంది. ఇరవై రెండేళ్ల కాపురంలో వెస్లీ చేతి గురించి ఆమె ఇన్ని మాటలు ఒక్కసారి అన్నది లేదు.  వెస్లీ పప్పులో ఉప్పు లేదన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

"అది చెయ్యి గాదు, డబ్బాలు," అన్నాడు. "డబ్బాలు తీస్తే ఏముంటది?"

ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, దాన్నే పట్టుకొని ఆరు నెలలు బతికాడు. దుకాణంలో తీగ చుడుతూ అనుకునేవాడు, సైకిల్ మీద పోతూ అనుకునేవాడు. నాకూ నాలుగు డబ్బాలుంటే అంతకు రెండింతలు వాయించనా అనుకునేవాడు. చర్చిలో ఆమె ఏదైనా సన్నగా తీగ సాగదీస్తే ముసలివాళ్లు కూడా తలలెత్తి చూసేవారు. వాళ్లందరి మీదా కోపమొచ్చేది. ఇరవై ఆరేళ్లు తన గిటారు విని ఒక్కరోజు కూడా అలా తల ఎత్తలేదే ఈ మనుషులు! ప్రవీణ మీద కోపం తెచ్చుకుందామంటే ఆమె ఎదురైన ప్రతిసారీ 'అన్నా' అని దణ్ణం పెట్టేది. దాంతో ఒళ్లు ఇంకా మండేది.

ఫిబ్రవరిలో అయ్యగారు అసలు మాట చెప్పారు. ఇకనుంచి ప్రవీణమ్మ ముందు నిలబడి వాయిస్తుంది, వెస్లీ పక్కన కూర్చొని తాళం పట్టాలి. అయ్యగారు మంచిగానే చెప్పారు, భుజం మీద చెయ్యి కూడా వేశారు. వెస్లీ నవ్వి సరేనన్నాడు. తర్వాతి ఆదివారం వేలికి దెబ్బ తగిలిందని గిటారు తేలేదు. ఆ వేలి దెబ్బ నెలైనా మానలేదు. ఐదో వరసలో కూర్చొని, మొహం మాడ్చుకొని, ఆరాధన అయిపోగానే లేచి వెళ్లిపోయేవాడు.

అలిగినవాడు గిటారు ఒక్కటే మానలేదు. శనివారం పనీ మానేశాడు.

ఆ పని సంగతి చర్చిలో ఎవరికీ తెలియదు. ఎనిమిదేళ్ల కిందట చర్చికి కొత్త రేకులు వేసినప్పుడు కరెంటు పనంతా వెస్లీయే చేశాడు. గోడ వెనక మనిషి లోతు గుంత తవ్వి, పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా పోసి ఎర్త్ కట్టాడు. ఎక్కడ కరెంటు దారి తప్పినా ఆ తీగ గుండా భూమిలోకి పోవాలి, మనిషి ఒంటిలోకి రాకూడదు. అయితే జహీరాబాద్ ఎర్రనేల నీటిని నిలవనీయదు. చలి తగ్గిన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఆ గుంతలో వారం వారం రెండు బిందెలు నీళ్లు పోయకపోతే అది ఎండి, ఉన్నా లేనట్టే అవుతుంది. అందుకని ప్రతి వేసవిలో శనివారం సాయంత్రం గిటారు శ్రుతి చేసుకునే నెపంతో పోయి, రెండు బిందెలు పోసి వచ్చేవాడు. చెప్పుకునేంత పని కాదని ఎవరికీ చెప్పలేదు. కృపకు కూడా చెప్పలేదు.

మార్చి రెండో ఆదివారం రొద మొదలైంది. ప్రవీణ ఆకుపచ్చ డబ్బా నొక్కగానే గిటారు కంటే ముందు గుయ్యిమని ఒక హోరు లేచింది. దాని మీద చిటపటలు, ఆ పైన సన్నటి కీచు. ప్రవీణ తెల్లబోయి తీగలన్నీ ఊడదీసి పెట్టింది. పోలేదు. వాక్యం చదువుతుంటే కూడా ఆ హోరు కింద నుంచి వస్తూనే ఉంది. అయ్యగారి మొహం ముడుచుకుంది.

ఐదో వరసలో వెస్లీ కళ్లు మూసుకున్నాడు. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండానే మూడు రొదలూ వేటికవి విడిపోయి వినిపించాయి. చిటపట ఏదో అతుకు వదులైంది. కీచు ఒకే అడాప్టర్ నుంచి నాలుగు డబ్బాలకూ కరెంటు ఇవ్వడం వల్ల. ఇక ఆ లోతైన హోరు, అది తన గుంత. ఎండిపోయింది. తనలో పొంగిన సంతోషానికి తనకే కొంచెం సిగ్గేసింది. కానీ సంతోషం సంతోషమే, దాన్ని కాదనలేకపోయాడు.

రెండు వారాలు చూసి అయ్యగారు ఒక మాటన్నారు. ఈస్టర్‌కు ఊళ్ల నుంచి జనం వస్తారు, ఆలోపు ఈ రొద పోతే సరే, పోకపోతే పాత గిటారే పెట్టుకుందాం. ఆ మాట విన్న దగ్గర్నుంచి వెస్లీ వేలి నొప్పి కాస్త తగ్గింది.

మర్నాడే ప్రవీణ డ్యూటీ దిగి నేరుగా దుకాణానికొచ్చింది. రేవణసిద్ధప్ప అనే రైతు మోటారు పక్కన స్టూలు మీద కూర్చొని, తన అవస్థంతా చెప్పుకొంది.

"నువ్వు కరెంట్ పని మంచిగ జేస్తవంట గదా అన్నా. జర వచ్చి సూడవా?"

కరెంటు పని! ఆరు నెలలు ఒకే గదిలో ఆరాధన చేశారు, అంతకుముందు ఇరవై ఆరేళ్లు అదే చోట అతను గిటారు వాయించాడు, ఈమెకు మాత్రం తాను కరెంటు పనివాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. పైగా మోటారు కోసం వచ్చి కూర్చున్న రేవణసిద్ధప్ప, అవునమ్మా గీయనంత పనోడు తాలూకాల లేడని సాక్ష్యం పలికాడు.

శనివారం మధ్యాహ్నం చర్చికి వెళ్లాడు. కృప కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది. వెస్లీ సంచీలోంచి సామాను తీసి పరిచి, డబ్బాల పలక ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఇలాంటి రొద పట్టాలంటే మొట్టమొదట గిటారును నేరుగా యాంప్‌కు కలిపి, డబ్బాలేవీ లేకుండా వినాలి. ఆ సంగతి వెస్లీకి తెలుసు. వింటే హోరు డబ్బాలది కాదని ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అందుకే అది చేయలేదు.

మిగతాదంతా నిజాయితీగానే చేశాడు. డబ్బాకూ డబ్బాకూ మధ్య ఉన్న జానెడు తీగలను ఒక్కొక్కటే వేలితో మీటి విన్నాడు. మూడో తీగ దగ్గర చిటపటమంది. విప్పి చూస్తే లోపల అతుకు వదులు. అక్కడే కావియ కాల్చి, సీసం కరిగించి అతికాడు. మొదటి రొద పోయింది. తర్వాత డబ్బాలకు కరెంటు తీగలు ఒక్కొక్కటే పీకి విన్నాడు. తెల్ల డబ్బాది పీకగానే కీచు ఆగింది. దానికి వేరే అడాప్టర్ కావాలని చెప్పి, తన సంచీలో ఉన్నది తీసి తగిలించాడు. రెండో రొద పోయింది. ప్రవీణ కళ్లు మెరిశాయి. కృప కూడా బెంచీ మీంచి ముందుకు వంగి చూస్తోంది. ఆ చూపు చాలా ఏళ్ల కిందటిది. వెస్లీకి ఆ చూపు ఇంకాసేపు కావాలనిపించింది.

మిగిలింది హోరు ఒక్కటే. సంచీ అడుగున, హోల్డర్‌కు రెండు తీగలు కట్టిన బల్బు ఉంది. ఒక తీగ కరెంటు రంధ్రంలో, ఒకటి ఎర్త్ రంధ్రంలో పెడితే ఎర్త్ ప్రాణంతో ఉందో లేదో బల్బే చెప్తుంది. వెస్లీ చెయ్యి సంచీలోకి పోయింది, బల్బుకు తగిలింది కూడా. సరిగ్గా అప్పుడే ప్రవీణ ఊరికే, ఏదో తోచక, గిటారు మీద ఒక చిన్న వరస తీసింది. ఆ హోరులోంచి కూడా అది ఎంత స్వచ్ఛంగా వచ్చిందంటే, కృప కళ్లు అటు తిరిగిపోయాయి. వెస్లీ చెయ్యి బయటికి తీశాడు, ఖాళీగా.

"ఇది నీ డబ్బాల గుణం చెల్లె," అన్నాడు. "ఒక్కోటి తీసి వారం వారం వాయించి సూడు. ఏది అని తేల్తది. ఏం గాదు."

ప్రవీణ నమ్మింది. అతని మాట మీద తెల్లది తీసేసింది. మరుసటి వారం నల్లది తీసింది. హోరు తగ్గినట్టే ఉండి మళ్లీ లేచింది. ఆ తర్వాతి బుధవారం ప్రార్థన కూటానికి నీలం, ఆకుపచ్చ రెండూ తీసి పక్కన పెట్టింది. డబ్బాలు లేకపోయేసరికి హోరు పదో వంతుకు వచ్చింది. ఎందుకంటే అవి ఆ హోరును పుట్టించలేదు గానీ పెంచి వినిపించేవి. దాంతో వెస్లీ మాట అందరికీ నిజమేననిపించింది.

వెస్లీ ఆ బుధవారం కోసమే కాచుకొని ఉన్నాడు. డబ్బాలు తీస్తే ఏముంటుందో ఇప్పుడు కృప కూడా వింటుంది అనుకున్నాడు. ప్రవీణ గిటారును నేరుగా యాంప్‌కు తగిలించుకొని, ఒక్కక్షణం ఆగి, వాయించడం మొదలుపెట్టింది.

ఉన్నదంతా చేతిలోనే ఉంది. డబ్బాల చాటున దాగిన వేళ్ల కదలిక ఇప్పుడు ఒక్కొక్కటీ వినిపించింది. ఎక్కడ మెత్తగా నొక్కిందో, ఎక్కడ వదిలిందో, పాట మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ చేతికి తెలుసు. వెనక బెంచీలో కూర్చున్న బీరమ్మ, ఎప్పుడూ పాటల్లో కునికే ముసలావిడ, నిటారుగా కూర్చుంది. కృప కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంటికి వెళ్లేదారిలో, ఆ డబ్బాలు పోయినయే మంచిదైంది, ఇప్పుడింకా బాగుంది అంది.  వెస్లీ ఆరు నెలలు పట్టుకొని బతికిన మాట చేతిలోంచి జారిపోయింది. ఆమె తనకంటే గొప్పగా వాయిస్తుంది. ఆ సంగతి ఆమె వాయించిన మొదటి ఆదివారమే తెలుసు. చెవి అంత మంచిది కావడమే అతని ఖర్మ, తెలియనట్టు ఉండటం చేతకాలేదు.

అసూయకు ఇక సాకు కూడా లేకుండా పోయింది. అయినా తగ్గిందా అంటే, ముందుకంటే ఎక్కువైంది. హోరు ఇంకా కొంచెం మిగిలి ఉంది, ఈస్టర్ దగ్గరికొచ్చింది, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. ప్రవీణ దుకాణానికొచ్చి, ఇంకా పోలేదన్నా, ఏం చేయమంటావు అని అడిగితే, మరి గిటారులోనే ఉందేమో అన్నాడు. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ప్రకటించేశారు. ఈస్టర్‌కు వెస్లీ గిటారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ప్రవీణ లేచి అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

ఈస్టర్ ముందురోజు, శనివారం పొద్దున, వెస్లీ ఇంటి ముందు అరుగు మీద కూర్చొని గిటారుకు కొత్త తీగలు కడుతున్నాడు. హుషారుగా ఈల వేస్తున్నాడు. కృప పక్కన కూర్చొని చింతకాయ తొక్కు కోసం మిరపకాయల తొడిమెలు తీస్తోంది. ఏదో మాటల్లో, ప్రవీణ ఇవాళ మధ్యాహ్నం వచ్చి తన యాంప్ తీసుకుపోతుందట అని చెప్పింది.

"మంచిదే తియ్," అంది. "ఆమె పెదవులన్న జర సల్లవడ్తయి."

వెస్లీకి అర్థం కాలేదు. పెదవులకేమైందని అడిగాడు. కృప చేతిలో పని ఆపకుండానే చెప్పింది. మూడు వారాల నుంచి, వాయిస్తూ మైక్‌కు మూతి ఆనిస్తే సుర్రుమంటోందట. మొదట్లో చీమ కుట్టినట్టు ఉండేది. మొన్న చర్చి కడిగిన రోజు, తడి బండల మీద నిలబడితే గట్టిగా తగిలిందట. రుమాలు చుట్టుకొని పాడింది.

"మరి ఎవలకన్న జెప్పొద్దా?" అన్నాడు వెస్లీ. 

"నేను గదే అన్న. దానికామె, 'అన్న అంత ఇప్పి సూసిండు, ఏం గాదన్నడు, ఇగ ఫికరేంది' అన్నది. నీ మీద అంత నమ్మకం ఆమెకు."

వెస్లీ చేతిలోని తీగ జారి చుట్టచుట్టుకుపోయింది.  ఎర్త్ చచ్చినచోట తడి బండలు, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో ఇనుప తీగలు, పెదవుల దగ్గర మైక్. ఇప్పటిదాకా తగిలింది చిల్లర కరెంటు. యాంప్ లోపల ఒక్క తీగ అరిగి రేకుకు తాకిందంటే, ఆ కరెంటు పోవడానికి ఆమె ఒళ్లు తప్ప వేరే దారి లేదు. అలా పోయినవాళ్లను వెస్లీ చూశాడు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా ముట్టుకొని పడిపోయిన ఒక రైతును రాయికోడ్ పొలంలో స్వయంగా పక్కకు లాగాడు. హోరు గురించి ఆలోచించినంతగా ఈ సంగతి ఆలోచించలేదు. కాదు, ఆలోచన ఒకటి రెండుసార్లు వచ్చింది. రాగానే పక్కకు నెట్టేశాడు. రెండు వారాల ముచ్చటే గదా అనుకున్నాడు.

లేచి సైకిలెక్కి చర్చికి బయల్దేరాడు. కృప వెనక నుంచి పిలుస్తున్నా వినలేదు.

గుంత నెర్రెలిచ్చి ఉంది. చెయ్యి పెడితే కాల్చిన ఇటుకపొడిలా రాలింది. కుళాయి నుంచి బిందెల మీద బిందెలు మోశాడు. పోసింది పోసినట్టే ఇంకిపోయింది. దుకాణం వీధికి పోయి రెండు సంచుల ఉప్పు, ఇస్త్రీ బండివాడి దగ్గర బొగ్గు తెచ్చి, గడ్డపారతో పైపు చుట్టూ మోకాలిలోతు తవ్వి నింపాడు. మళ్లీ నీళ్లు. ఎండ నడినెత్తి మీదికొచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. లోపలికి పోయి బల్బు పెట్టి చూస్తే మొదట ఎర్రగా, మినుకుమంటూ వెలిగింది. ఇంకో పది బిందెల తర్వాత కళ్లు చెదిరేలా తెల్లగా వెలిగింది.

రెండింటికి ప్రవీణ వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే. గోడ వెనక గడ్డపార చప్పుడు విని ఇటు వచ్చింది. బురదలో నిలబడిన వెస్లీని చూసి నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

వెస్లీ చెప్పేశాడు. గుంత ఏమిటో, నీళ్లెందుకో, ఎన్ని వారాలుగా పోయలేదో చెప్పాడు. ఆ రోజు డబ్బాల ముందు కూర్చున్నప్పుడే తెలుసని కూడా చెప్పాడు. ఆ చివరి మాట చెప్పకుండా దాటేయడానికి సందు ఉంది. దాటేయలేదు.

ప్రవీణ వంగి గుంతలోని తడి మట్టిని వేలితో తాకి చూసింది.

"ఎందుకన్నా?" అంది.

"నువ్వు నాకంటె మంచిగ వాయిస్తవు."

ఆమెకు ఆ జవాబు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మొహంలో కోపం రాలేదు. ఏదో మూసుకుపోయింది.

"నేను నర్సును అన్నా. కరెంట్ తాకినోళ్లను తెస్తే నేనే సూస్త. మూతికి సుర్రుమన్నప్పుడు నాకు భయమైంది. నువ్వు సూసినవు గదా అని మల్ల మూతి పెట్టిన."

వెస్లీ తల దించుకున్నాడు. బల్బు నిండుగా వెలుగుతోందని, ఇప్పుడు భయం లేదని, రేపు నువ్వే వాయించాలని, అయ్యగారికి తానే చెప్తానని గబగబా చెప్పుకుపోయాడు. ప్రవీణ మధ్యలోనే ఆపింది.

"నువ్వు జెప్పినవనే గదా మొన్న గూడ మూతి పెట్టిన."

అప్పటికే క్వయర్ వాళ్లు ప్రాక్టీసుకు రావడం మొదలైంది. కృప వచ్చింది, అయ్యగారు వచ్చారు. వెస్లీ కాళ్లు కడుక్కొని, తడి కాళ్లతోనే లోపలికి నడిచాడు. తెరిచి ఉన్న పెట్టెలోంచి ప్రవీణ ఎర్ర గిటారు తీసి మెడకు తగిలించుకున్నాడు. ఇంతకాలం దాన్ని ముట్టుకోలేదు. గిటారు మెడ అతను అనుకున్నదానికంటే సన్నగా, చేతిలో ఒదిగిపోయేలా ఉంది. నాలుగు డబ్బాలూ పలక మీద మళ్లీ వరసగా కలిపి, యాంప్ వేసి, కుండతో నీళ్లు తెచ్చి తాను నిలబడేచోట బండల మీద పోసుకున్నాడు. క్వయర్ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపటి పాట మొదలుపెడుతున్నాడేమో అనుకొని కృప చిరునవ్వుతో వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

వెస్లీ ఎడమచేత్తో ఆరు తీగలూ గట్టిగా పట్టుకున్నాడు. వంగి, పెదవులు రెండూ మైక్ ఇనుప జాలీకి ఆనించాడు. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకున్నాడు. ఇరవై దాకా అలాగే ఉన్నాడు. ఏమీ తగల్లేదు. హోరు లేదు, కీచు లేదు. ఆకుపచ్చ డబ్బాను బొటనవేలితో నొక్కినా లేదు. అంత నిశ్శబ్దంలో అతని ఊపిరి ఒక్కటే స్పీకర్లలోంచి వస్తోంది.

"గీ రొద డబ్బాలది గాదు," అన్నాడు మైక్‌లోనే. "నాది. నాకు ఎరికె ఉండి గూడ జెప్పలేదు. ఆమె పెదవులకు కరెంట్ తాకింది నా వల్లనే."

కృప మొహం మీద చిరునవ్వు ఎప్పుడు పోయిందో అతను చూశాడు.  వెస్లీ గిటారు మెడలోంచి తీసి, రెండు చేతులతో ప్రవీణకు అందించాడు.

ప్రవీణ అందుకుంది. రుమాలుతో తీగలు తుడుచుకొని, శ్రుతి చూసుకొని, పలక ముందు నిలబడి వాయించింది. రొద లేని ఆ గదిలో ప్రతి స్వరం మొదలుపెట్టిన చోటి నుంచి ముగిసిన చోటిదాకా వినిపించింది. వెస్లీ గోడకు ఆనుకొని విన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా అసూయపడ్డాడు. పాట దగ్గరికి వచ్చేసరికి అయ్యగారు మైక్ స్టాండును ఆమె వైపు జరిపారు. ప్రవీణ వాయిస్తూనే మైక్‌కు దూరంగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ రోజు పాట కృప పాడింది.